నోరు విప్పని దుప్పులు

నరసింహ పొద్దున్నే విల్లు భుజాన వేసుకుని అడవిలోకి వెళ్ళాడు. భోజనానికి వచ్చేస్తానన్న మనిషి ఎండ కొండ దిగుతున్నా రాలేదు.

క్యాంప్‌లో మిగిలింది ముగ్గురు. నరసింహ భార్య మృదుల, అతని ఆఫీసు స్నేహితుడు ప్రణవ్, ప్రణవ్ భార్య విద్య. డెన్వర్ నుంచి సగం రోజు డ్రైవ్ చేసి వచ్చారు. ఇక్కడ ఫోన్‌కి సిగ్నల్ లేదు. పులిహోర డబ్బా మూత కూడా ఎవరూ తీయలేదు.

"ఎల్క్ కనబడి ఉంటుంది. అన్నకి ఇంక టైమ్ గుర్తుండదు" అన్నాడు ప్రణవ్. అని తనే మళ్ళీ వాచీ చూసుకున్నాడు.

ఎల్క్ అంటే గుర్రమంత దుప్పి. సెప్టెంబర్‌లో అవి జతకడతాయి. మగది కొమ్ములు వెనక్కి వాల్చి కొండలు మారుమోగేలా కూస్తుంది. ప్లాస్టిక్ గొట్టంతో అచ్చం అలాగే కూస్తే, తన ఆడవాటి మీదికి ఇంకో మగది వచ్చిందనుకుని కొట్లాటకు వస్తుంది. వచ్చినదాన్ని బాణంతో కొట్టాలి. నరసింహకు ఇదే పిచ్చి.

ఆ కూత కోసం అతను చలికాలమంతా ఇంట్లో బేస్‌మెంట్‌లో సాధన చేసేవాడు. మృదుల మెట్ల మీద కూర్చుని వినాలి. విని ఎలా ఉందో చెప్పాలి. "బాగుందండీ" అనేది. ఒక్కసారి మాత్రం "చివర్లో కొంచెం జీర వస్తోందండీ" అంది. మళ్ళీ ఎప్పుడూ అనలేదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషితో ఎవరు వాదిస్తారు?

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. మృదుల అసలు నోరు వాడడమే మానేసింది. మొన్న ఇక్కడికి వచ్చిన సాయంత్రం మంట దగ్గర కూర్చున్నప్పుడు విద్య ఆ మాటే ఎత్తింది.

"మృదులక్క ఎంత నెమ్మదో. అసలు మాట్లాడనే మాట్లాడదు."

"మాట్లాడితే ఏమవుతుందో దానికి తెలుసులే" అన్నాడు నరసింహ.

అందరూ నవ్వారు. గిన్నెలు కడగడానికి మృదుల స్వెటర్ చెయ్యి పైకి లాక్కున్నప్పుడు, మోచేతి పైన నల్లగా కమిలి ఉండడం విద్య చూసింది. కారు డోర్ తగిలిందంది మృదుల. విద్య నమ్మింది. నమ్మితే ఎవరికీ ఏ ఇబ్బందీ ఉండదు కదా.

ఇక లాభం లేదని ముగ్గురూ వెతకడానికి బయల్దేరారు. వాగు ఒడ్డున నిలబడి ప్రణవ్ "అన్నా" అని గొంతు చించుకున్నాడు. ఆ నీళ్ళ హోరులో అతని అరుపు పక్కనున్న విద్యకే సరిగా వినపడలేదు.

అప్పుడు అవతలి లోయలోంచి కూత వచ్చింది. సన్నగా మొదలై, పైకి లేచి, చాలాసేపు సాగింది. విద్య భయపడి మొగుడి చెయ్యి పట్టుకుంది. ఇంకో కూత.

"వదినా, అటు వెళ్ళి చూద్దామా? ఎల్క్ ఉన్న చోటే అన్న కూడా ఉంటాడేమో."

"వద్దు ప్రణవ్."

మృదుల అంత గట్టిగా మాట్లాడడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"జతకట్టే రోజుల్లో మగది మనిషి కనబడితే కుమ్మేస్తుంది. ఆయనే చెప్పారు. అయినా ఆయన పొద్దున గుట్ట వైపు వెళ్ళారు. నేను చూశాగా."

వాళ్ళు గుట్ట వైపు వెళ్ళారు. పొద్దుగూకేదాకా ప్రతి పొదా వెతికారు. వెనక లోయలో కూత సాగుతూనే ఉంది.

"దీని పొగరు తగలెయ్య" అన్నాడు ప్రణవ్ విసుగ్గా.

తర్వాత కూతకూ కూతకూ మధ్య ఎడం పెరిగింది. ప్రణవ్ కారు తీసుకుని సాయం కోసం కిందికి వెళ్ళాడు. ఆ రాత్రి మంచు పడింది. తెల్లవారేసరికి లోయలో చడీచప్పుడు లేదు.

ప్రణవ్ వెంట వచ్చిన వైల్డ్‌లైఫ్ ఆఫీసర్ తల నెరిసిన తెల్లావిడ. దిగుతూనే అడిగింది.

"అరుపు గానీ విజిల్ గానీ ఏమైనా విన్నారా?"

"ఏమీ లేదు. ఒక మగ ఎల్క్ మాత్రం సాయంత్రమంతా కూసింది" అన్నాడు ప్రణవ్.

"సాయంత్రమంతానా? ఒకే చోటి నుంచా?"

"అవును. ఆ లోయలోంచి."

ఆవిడ ముఖం మారిపోయింది.

"వేట మొదలయ్యాక ఇక్కడ మగ ఎల్క్‌లు కూయవు. ఏటా ప్రతివాడూ గొట్టం పట్టుకుని పిలుస్తాడు. నమ్మి బదులిచ్చినవన్నీ చచ్చాయి. బదులిస్తే దెబ్బ పడుతుందని మిగిలినవి నేర్చుకున్నాయి. జతకట్టే కాలమైనా సరే, నోరు విప్పకుండా తిరుగుతాయి."

మృదుల తల దించుకుని స్వెటర్ చెయ్యి మణికట్టు దాకా లాక్కుంది. ఆఫీసర్ అప్పటికే వాగు వైపు పరుగెత్తుతోంది.

నరసింహ లోయ అడుగున రాళ్ళ మధ్య దొరికాడు. తుంటి ఎముక విరిగి కదల్లేకపోయాడు. ఒళ్ళు కొయ్యబారిపోయింది. గొట్టం ఇంకా మూతి దగ్గరే ఉంది. అరిస్తే వాగు దాటదని తెలిసి, ఊపిరి ఉన్నంతసేపూ దాన్నే ఊదాడు.

ప్రణవ్ అక్కడే కూలబడి ఏడ్చాడు.

"అచ్చం ఎల్క్‌లాగే ఉంది వదినా. మనకెలా తెలుస్తుంది?"

మృదుల అతని వీపు నిమిరింది.

"మనకెలా తెలుస్తుంది" అంది.

వాగు ఒడ్డున విన్న మొదటి కూత చివర్లోనే ఆ జీర ఉంది. ఎప్పటిలాగే మృదుల ఆ సంగతి అనలేదు.