తేడా తెలియని కాఫీ

"డాక్టరు తగ్గించమన్నారు. మానమనలేదు" అంది ఆమె, కుర్చీ ఎక్కి కాఫీ డబ్బాను అటక మీద పెడుతున్న మొగుడికేసి చూస్తూ.

"నీకు తగ్గించడం చేతకాదు. మొదలుపెడితే నాలుగు కప్పులు."

అది నిజమే. ఆమె కారు నడపడం నేర్పుతుంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, తన వైపున్న బ్రేకు మీద కాలు పెట్టుకుని, కొత్తవాళ్ల చేతుల్లో ప్రాణాలు పెట్టే ఉద్యోగం. కాఫీ పడకపోతే ఆమెకు కుడి ఎడమలు తెలియవు.

అతను పనిచేసేది కాఫీ గింజలు వేయించి, ఇంట్లో కాచుకునేవాళ్లకు ప్యాకెట్లు పంపే ఓ చిన్న కంపెనీలో. వెనిల్లా, చాక్లెట్, బాదం... ఏ గింజకు ఏ వాసన నప్పుతుందో తేల్చేది అతనే. అక్కడ అందరూ అతన్ని 'ముక్కు' అంటారు. ఇంట్లో ఆమె కూడా అలాగే పిలుస్తుంది.

ఇంతకుముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. మొదటిసారి ఇద్దరూ ఏడ్చారు. రెండోసారి ఏడ్చే ఓపిక కూడా లేకపోయింది. దానికీ కాఫీకీ సంబంధం లేదని డాక్టరు ఎంత చెప్పినా అతని తలకెక్కలేదు. ఈసారి ఏదో ఒకటి తన చేతుల్లో ఉందనుకుంటే తప్ప అతనికి నిద్ర పట్టేలా లేదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. అందుకే కుర్చీ లాగేయకుండా ఊరుకుంది.

మర్నాటి నుంచి ముక్కు పనిలో పడ్డాడు. కెఫీన్ తీసేసిన గింజలు తెచ్చాడు. వాటిని కాస్తే రంగు తప్ప ఏమీ దిగలేదు. నారింజ తొక్క ఎండబెట్టి కలిపాడు. చేదు తేలింది. తొక్క తగ్గించి దాల్చినచెక్క వేశాడు. అది మరీ దగ్గుమందులా ఉందని ఆమె మొహం మీదే చెప్పింది. చివరికి కాస్త వెనిల్లా చేర్చి, పేపర్ ఫిల్టర్‌లో సన్నటి ధారగా నీళ్లు పోసి, ఓ పొద్దున కప్పు పట్టుకొచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"అసలు కాఫీకీ దీనికీ తేడా తెలుస్తోందా?"

ఆమె గుటక వేసింది. నారింజ బాగుంది. దాల్చినచెక్క బాగుంది. కాఫీ మాత్రం ఆ చుట్టుపక్కల ఎక్కడా లేదు. తలెత్తి చూస్తే అతని కళ్లు నిద్ర లేక పీక్కుపోయి ఉన్నాయి.

"ఏం తేడా లేదు" అంది.

"ఒట్టు?"

"కాఫీకి కూడా ఒట్లేమిటి, పో" అని తప్పించుకుంది. కడుపుతో ఉండి అబద్ధపు ఒట్టు వేసే ధైర్యం ఆమెకు లేదు.

ఇక ముక్కుకు పట్టపగ్గాలు లేవు. ఆఫీసులో ప్రతివాడినీ ఆపి, మా ఆవిడ నాలుకనే బోల్తా కొట్టించానని చెప్పుకున్నాడు. ఆమె రోజూ ఆ రంగునీళ్లు తాగి, "అబ్బ, ఎంత బాగుందో" అంటూ నెలలు నెట్టుకొచ్చింది. లోపల బిడ్డ కదలడం మొదలయ్యాక, తలుపు దగ్గరగా వేసి పొట్టతో కబుర్లు చెప్పేది.

"మీ నాన్న కాఫీ సంగతి నువ్వు బయటికొచ్చాక నీ చెవిలోనే చెబుతా. ఎవరికీ చెప్పకు."

అయిదో నెల దాటాక స్కానింగ్‌కి వెళ్లారు. ఆమె బట్టలు సర్దుకుని వచ్చేసరికి అతను డాక్టరు గదిలోంచి బయటికి వస్తున్నాడు.

"ఏమన్నారు?"

"ఏం లేదు. బిడ్డ సరిగ్గా కనపడేలా తిరిగి లేదట. రేపు పొద్దున పెద్ద డాక్టరు ఇంకోసారి చూస్తారట."

"మొండిఘటం. అచ్చం నీ పోలికే."

అతను నవ్వాడు. దారి పొడుగునా ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. సిగ్నల్ దగ్గర రెండుసార్లు క్లచ్ వదిలేసి ఇంజన్ ఆపుకున్నాడు. ఫీజు కట్టి తన దగ్గర చేరమంది ఆమె. దానికీ నవ్వాడు.

మర్నాడు పొద్దున ఆమె లేచేసరికి అతను స్నానం చేసి వంటింట్లో ఉన్నాడు. ఆఫీసుకు సెలవు పెట్టాడట. ఆమె తల్లికి ఫోన్ చేసి, ఆస్పత్రికే వచ్చేయమన్నాడట.

"అమ్మెందుకు? ఒక్క స్కానింగ్‌కి ఇంతమందా?"

"ఊరికే. నీకు తోడుంటారని. ముందు కాఫీ తాగు, చల్లారిపోతుంది."

ఆ రోజు అతను దేనికీ లోటు చేయలేదు. నారింజ తొక్క అప్పటికప్పుడు దంచాడు. దాల్చినచెక్క, వెనిల్లా ఎప్పటికంటే ఓ పిసరు ఎక్కువే వేశాడు. కప్పు అందిస్తుంటే సాసర్లో కాస్త ఒలికింది. ఎదుట కుర్చీలో కూర్చుని ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

ఆమె ఒక గుటక వేసింది. ఆగింది. మళ్లీ వేసింది. కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. కాఫీ వేడికేమో అన్నట్టు కప్పులోకి ఊదుకుంది.

"ఎలా ఉంది?" అన్నాడు.

ఆమె రెండో చెయ్యి పొట్ట మీదికి వెళ్లి అక్కడే ఉండిపోయింది.

"రోజూలాగే ఉంది. ఏం తేడా లేదు."

అతను తల ఊపి, స్టవ్ తుడిచేవాడిలా అటు తిరిగాడు.

ఆ కప్పులో ఉన్నది అసలు కాఫీ.