మనిల్లు ఉరిసింది

అశ్వినీ బిడ్డా, మనిల్లు ఉరిసింది! సంబురంతోని రాస్తున్న, అక్షరాలు వంకర పోతే ఏమనుకోకు.

మిరుగం వానలు దగ్గరికొచ్చినయని పొద్దున కప్పెక్కి, బండల సందులల్ల నీళ్లు పోసి చూసిన. కింద మంచంల మీ అన్న పరమేశ్.

"ఎట్లాగూ పైకే చూస్తుంటవు గదా, ఏడ ఉరుస్తదో చెప్పురా" అన్న.

"ఉరిస్తే ఉరవనియ్యి" అన్నడు.

తాండూరు గనిల పడ్డప్పటిసంది వాని కాళ్లు మొద్దుబారినయి, గిచ్చినా తెల్వది. నీకు తెల్సు గదా, మనసు గూడ గట్లనే అయింది.

ఇంకో బిందె పోసిన. మల్లొకటి పోసిన.

"నాయినా, ఆపు! సల్లగ పడ్డది!"

"యాడరా? కిటికి కాడనా?"

"నా కాలి మీద."

దిగి ఉరికిన. కండ్లు మూసుకొమ్మని ఇంకో సుక్క ఏసిన.

"ఎడమ బొటనేలు" అన్నడు బిడ్డా!

మేస్త్రిని పిలుస్తనంటే, గా సందు జర ఉండనియ్యి అంటున్నడు.

మర్పల్లి మేనత్తకు చెప్పు, దౌల్తాబాద్ పెద్దమామకు, కొడంగల్ చిన్నమ్మకు చెప్పు. అందరికన్నా ముందుగాల, ఏడ్సుకుంట తల్లిగారింటికి పోయిన మీ వదినకు.