వెంట్రుకవాసి

మొదటి చెంపదెబ్బకి కళ్ళజోడు ఎగిరి బేరింగుల డబ్బాలో పడింది. రెండో దెబ్బకి షావుకారే కౌంటరు మీద పడ్డాడు.

"మళ్ళీ అడుగుతున్నా. చూస్తావా, చూడవా?" అన్నాడు తోలుకోటు మనిషి.

నిమిషం క్రితం అతనిది మామూలు బేరమే. స్పేర్‌పార్టుల షాపు ముందు కారు ఆపాడు. ఇంజన్లోకి గాలిని దట్టించే సూపర్‌చార్జరు బండి. ముప్పై ఏళ్ళ నాటిది. నాలుగు తలుపుల మీదా ఒకే పాత రంగు. ముసలి పహిల్వానులా ఆయాసపడుతూ ఆగింది. లోపలికొచ్చి, ఎక్కువైన గాలిని పక్కదారి పట్టించే బైపాస్ వాల్వులు మూడు కౌంటరు మీద పరిచాడు. మూడూ ఒకే కాన్పులో పుట్టినట్టున్నాయి. మూడింటి మీదా కంపెనీ ముద్రే.

"మూడు షాపుల్లో కొన్నాను. ఒకటే అసలుది. ఏదో తేల్చు."

"బయటి సరుకు చూడనండీ. కొన్నచోటే అడగండి."

షావుకారు ఎప్పుడూ చెప్పే జవాబే అది. అసలునీ నకిలీనీ కళ్ళు మూసుకుని విడదీయగలవాడు బజారు మొత్తానికి ఆయనొక్కడే. ఆనవాలు మాత్రం ఎవరికీ చెప్పలేదు. గుట్టు కూడా సరుకే, బయట పరిస్తే విలువ పడిపోతుందని ఆయన లెక్క.

ఆ లెక్కకే చెంప పగిలింది.

తోలుకోటు మనిషి షట్టరు సగానికి లాగాడు. రసీదులు సర్దుతున్న షావుకారు భార్య మణికట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. అరలోని ఫిల్టర్లు ఆమె నెత్తిన జలజలా రాలాయి.

"పోయిన నెల ఇలాంటి నకిలీ బిగించారు. కొండదారిలో లారీని దాటుతుంటే బండి ఊపిరి ఆగిపోయింది. ఎదురుగా బస్సు. పక్కసీట్లో మా తమ్ముడు." కౌంటరు మీది వాల్వులు చూపించాడు. "ఇప్పుడు నువ్వు చూపించిందే బిగిస్తాను. అదే కొండ, అదే మలుపు. పక్కసీట్లో మీ ఆవిడ."

"నాకు కారెక్కితే వాంతులయ్యా!" అంది ఆమె ఏడుస్తూ.

షావుకారు గబుక్కున మధ్య వాల్వు మీద వేలు పెట్టాడు. "ఇదే. ఒట్టు."

"ఎలా తెలుసు?"

"అనుభవం."

తోలుకోటు మనిషి ఆ చేతిని గుంజి సొరుగులో పెట్టి, సొరుగును కాలితో తన్నాడు. చూపుడువేలు ఎండుపుల్లలా విరిగింది. షావుకారు అరుపుకి వీధిలో కుక్క మొరిగింది.

"అనుభవమంటే చీకట్లో రాయి వేయడం. నాకు ఆనవాలు కావాలి. ఎందుకు ఇదే అసలుది?"

ఈసారి పెద్ద పానా తీసుకున్నాడు. ఆమె అరచేతిని కౌంటరు మీద పరిచి, పానా పైకెత్తాడు.

"ఏమండీ!" అని కేక పెట్టింది భార్య. "కాపురానికొచ్చిన నాటినుంచీ నాక్కూడా చెప్పలేదు, పోనీ వాడికన్నా చెప్పి చావండి!"

గుట్టు ఎప్పటికైనా ఎవడో ఒకడు కనిపెట్టేదే. వేళ్ళు పది, పెళ్ళాం ఒకతే. షావుకారు లెక్క తేలిపోయింది.

"ఇరుసు చూడు," అన్నాడు రొప్పుతూ. "లోపల తలుపులా తెరుచుకునే రేకు తిరిగే ఇరుసు. అసలుదాంట్లో అది నడిమధ్య ఉండదు. వెంట్రుకవాసి స్ప్రింగు వైపుకి జరిగి ఉంటుంది. అప్పుడే గాలి ఒత్తిడికి రేకు ఇంకా బిగుసుకుంటుంది. నకిలీ చేసే మహానుభావులు అది కంపెనీవాడి పొరపాటనుకుంటారు. దిద్ది, నడిమధ్యకి తెస్తారు. అతితెలివి! దాంతో ఒత్తిడి పెరిగేసరికి రేకు అదిరి తెరుచుకుంటుంది. గాలంతా పక్కదారిన పోతుంది, బండి నీరసపడుతుంది."

"ఒట్టి కంటితో ఎలా పట్టావు?"

"కంటితో కాదు, చెవితో. రేకు మూసి చూడు. అసలుది రెండుసార్లు టక్కుమంటుంది. ముందు ఒక అంచు తగులుతుంది, తర్వాత రెండోది. నకిలీది ఒక్కసారే."

తోలుకోటు మనిషి మూడూ చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మధ్యది రెండుసార్లు పలికింది. జేబులోంచి వెర్నియర్ కొలబద్ద తీసి దాని ఇరుసు ఎంత జరిగిందో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. దెబ్బతిన్న మనిషికి ఆ మాత్రం అనుమానం సహజమేననుకున్నాడు షావుకారు.

"ఇంకేమైనా తేడా ఉందా?"

"ఇదొక్కటే. మా ఆవిడ మీద ఒట్టు."

పానా దిగింది, మెల్లగా, కౌంటరు మీదికి.

"నమ్మాను. ఆవిడ రానక్కర్లేదు." బేరింగుల డబ్బాలోంచి కళ్ళజోడు ఏరి, తుడిచి, తనే షావుకారు ముక్కుమీద పెట్టాడు. "కోపంలో చెయ్యి చేసుకున్నాను. ఏమీ అనుకోకు పెద్దాయనా." వాల్వులు జేబులో వేసుకుని షట్టరు కిందనుంచి వంగి బయటికి నడిచాడు.

భార్య గుడ్డపీలిక చింపి భర్త వేలికి చుట్టింది. "వాడి చేతులు పడిపోను! రాక్షసుడు!"

"పోనీలేవే," అన్నాడు షావుకారు పళ్ళ బిగువున. "తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న మంట అది. ఒక్క వేలితో తీరిందంటే మనకి లాభమే."

అంతలో షట్టరు అవతలినుంచి, ఫోనులో మాట్లాడుతూ కారెక్కుతున్న తోలుకోటు మనిషి గొంతు హుషారుగా వినిపించింది: "తమ్ముడూ, మన కార్ఖానాలో అచ్చులన్నీ ఆపించెయ్, ఇరుసు కన్నం వెంట్రుకవాసి స్ప్రింగు వైపుకి జరపాల్రా!"