మోడెం పలికిన రోజు

"కలిసిందమ్మా!" మరిసెల్ కేకేసింది.

"దయ్యంలా అరవకే. మీ నాన్న ఏం రాశారో చదువు," అంటూ అమ్మ ఎండుచేపల మూకుడు దించి వచ్చింది.

ఓడలో పనిచేసే నాన్న ఈమెయిల్ ఉత్తరాలు అందుకోవాలని, పాత ల్యాప్‌టాప్‌లోని ఫోను తీగ మీద ఇంటర్నెట్ కలిపే మోడెంను లినక్స్‌లో పలికించడానికి మరిసెల్ నిన్నంతా డయల్ చేస్తూనే ఉంది. ఇంటి ఫోను లైను ఒక్క నిమిషం కూడా వదల్లేదు.

ఉన్నది ఒక్కటే ఉత్తరం.

"తల్లీ, నిన్న మా ఓడ మన మనీలాలోనే ఆగింది. రేవు దాటనివ్వలేదు. మీ గొంతు విందామని రోజంతా ఫోను చేశాను. ఎప్పుడు చేసినా ఎంగేజే. ఇప్పుడు బయల్దేరుతున్నాం. మళ్లీ ఏడాదికే ఈ వైపు రావడం."

"ఏమంటున్నారే?"

"బాగున్నారట."

"చూశావా, నీ కష్టం ఊరికే పోలేదు," అని అమ్మ తల నిమిరింది.

మరిసెల్ తల ఎత్తలేదు.