పదకొండో ఫొటో

“ఫొటో ఇయ్యి, అవ్వా,” అని వెంకటి రెండోసారి అడిగాడు.

వజ్రమ్మ కొంగు ముడి విప్పలేదు.

జగిత్యాలలో ఒక మేడమీది గది అది. నక్సలైట్ల కాలంలో కనిపించకుండా పోయినవాళ్ల కుటుంబాలు కలిసి పెట్టుకున్న సంఘం. బల్లమీద ఒక కంప్యూటరు, గోడ పొడుగునా పాత ఫైళ్ల బీరువాలు. పని చూసుకునేది వెంకటి ఒక్కడే.

“సిరిసిల్ల నుంచి మొదటి బస్సుకు వచ్చింది ముడి చూపెట్టనీకానే?” అంది కూతురు సరోజన. “ఇయ్యవే.”

“గీ మిషిన్‌కు ఆధార్ కార్డు అక్కర లేదా కొడుకా?”

“అక్కర లేదు. ముఖం ఉంటే చాలు.”

“ముఖమే గద మారేది. ఒకపారి మాయన గడ్డం పెంచుకొని వస్తే కట్టుకున్నదాన్ని నేనే గుర్తుపట్టలే. ఎవడో అనుకొని తలుపు మూసిన.”

వెంకటి నవ్వాడు. “గిది ఏఐ, అవ్వా. గడ్డం చూడది, ఎముక చూస్తది. కండ్ల నడుమ జాగ, దవడ, చెవి. ముఖం వాచినా సరే పట్టుకుంటది.”

వజ్రమ్మ నవ్వలేదు.

రాజలింగం సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసేవాడు. తొంభై ఒకటిలో ఒక పొద్దున పనికని వెళ్లి అడవిలో నక్సలైట్లతో కలిశాడు. అప్పటికి సరోజన తల్లి కడుపులో ఉంది. తండ్రి ముఖం ఆమెకు తెలియదు. ఫొటో దొరికితే పోలీసులు పట్టుకుపోతారని ఆ ఏళ్లలో ఎవరింట్లో ఫొటోలు వాళ్లే పొయ్యిలో వేశారు. తానూ వేశానని వజ్రమ్మ ఇన్నేళ్లూ చెప్పింది. నెల కిందట, తండ్రిని వెతకాల్సిందేనని కూతురు రెండు రోజులు అన్నం ముట్టకపోయేసరికి, ట్రంకుపెట్టె అడుగున పరిచిన కాగితం కింద నుంచి ఒకటి తీసింది.

“చచ్చిండంటే ఒక్కపారి ఏడుస్త, సారూ,” అంది సరోజన. “బతికున్నడంటే వెతుకుత. గీ నడిమిట్ల బతుకుడే నాతోని కాదు.”

ముడి విప్పక తప్పలేదు. గోరంత మీసంతో, పక్కపాపిడితో ఇరవై ఐదేళ్ల మనిషి. వెంకటి దాన్ని స్కానర్ మీద బోర్లించాడు.

“మా దగ్గర నూట పన్నెండు ఫొటోలున్నయి. అన్నీ అప్పటి గుర్తుతెలియని శవాలయి. ఏదన్న కలిస్తే దాని ఫైలు తెరుస్తం. ఎక్కడ దొరికింది, ఎవరెవరికి చూపెట్టిండ్రు, చూసినోళ్ల పేర్లు, వేలిముద్రలు, అన్నీ అండ్ల ఉంటయి.”

“పేర్లు సుత ఉంటయా?” అంది వజ్రమ్మ.

“ఉంటయి.”

“శవాలు చూడనీకి పోలీసులు నిన్ను సుత పిలిచిండ్రంటివి గదనే?” అని అడిగింది సరోజన.

“మస్తు మందిని పిలిచిండ్రు. నేను మూడుమాట్ల పోయిన. మావోడు కాదని చెప్పి వచ్చిన.”

తెర మీద ముఖాలు ఒక్కొక్కటే రావడం మొదలైంది. కొన్నిటికి కళ్లు తెరిచే ఉన్నాయి. సరోజన రెండు చేతులతో బల్ల అంచు పట్టుకుంది. ఎనిమిది. తొమ్మిది. పది.

“ఆపు కొడుకా,” అంది వజ్రమ్మ.

పదకొండో ఫొటో తెర మీద నిలిచింది.

“ఏమైందే?”

“ఏం లేదు. ఈ పిలగాడు ఎక్కడ దొరికిండో అని.”

వెంకటి ఫొటో కిందున్న వివరాలు చదివాడు. “కోరుట్ల అవతల, మామిడితోట. నలుగురు ఆడోళ్లకు చూపెట్టిండ్రు. నలుగురూ మావోడు కాదన్నరు. అనాథ శవమని కాలబెట్టిండ్రు.”

“మీద బట్ట కప్పిండ్రా?”

“గది రాసి లేదు, అవ్వా.”

సరోజనకు కోపం వచ్చింది. “ఆ నలుగుర్ల ఒకామె ఈయన మనిషే అయ్యుంటది. కండ్లముందర పెట్టుకొని కాదన్నదంటే గది గుండెనా, బండనా?”

“శవం మాదే అన్నోళ్లింటికి తెల్లారి పోలీసు జీపు వచ్చేది,” అన్నాడు వెంకటి.

“వస్తే రానీ! నేనైతే మీద పడి ఏడ్చేదాన్ని.”

“ఆ రోజులు నీకెరుకలేవు బిడ్డా,” అంది వజ్రమ్మ. “ఇగ నడిపియ్యి కొడుకా.”

నూరు దాటింది. నూట పది. నూట పన్నెండు. తెర మధ్యలో చిన్న చక్రం తిరిగి తిరిగి ఆగింది. వెంకటి కళ్లజోడు సవరించుకుని, ఇంకోసారి చదువుకున్నాడు.

“కలువలే, అక్కా. ఒక్కటి సుత కలువలే.”

“అంటే...”

“అంటే ఈ శవాలల్ల మీ బాపు లేడు.”

సరోజన ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చిన గొంతుతో తల్లిని పట్టుకుని ఊపింది. “చెప్పిన్నా లేదా అవ్వా! బతికే ఉన్నడు!”

“బతికుంటే ఇప్పుడు ఎట్లుంటడో గూడ చూపెడ్తది,” అన్నాడు వెంకటి. రెండు మీటలు నొక్కితే పక్కపాపిడి మనిషికి జుట్టు తెల్లబడింది, చెంపలు జారాయి. ప్రింటరు ఆ ముఖాన్ని రంగుల్లో బయటికి తోసింది.

సరోజన దాన్ని వెలుతురు దగ్గరికి తీసుకెళ్లింది. “ముక్కు చూడు సారూ, అచ్చం నాదే!”

“నోరు సుత గట్లనే ఉంది, అక్కా.”

“రేపటి నుంచి కోరుట్ల, రాయికల్, ఇబ్రహీంపట్నం, ఏ ఊరూ ఇడువ. ప్రతి బస్టాండ్ల అతికిస్త. ఫోన్ల అందరికీ పంపుత.” ఆమె కాగితాన్ని తల్లి ముందు పెట్టింది. “చెప్పవే అవ్వా. బాపు గిట్లనే ఉంటడా?”

వజ్రమ్మ ఆ ముఖాన్ని చాలాసేపు చూసింది. చూపుడువేలితో చెంప దగ్గర తడిమింది.

“గిట్లనే ఉంటడు బిడ్డా.”

ఆమె ఇచ్చిన ఫొటో రాజలింగానిది కాదు.