పట్ట కప్పిన గోడ

ధనుంజయ తన్నిన తన్నుకు పసుపురంగు డబ్బా ఎగిరి, ఆదోని బస్టాండు మూడో ప్లాట్‌ఫారం మెట్ల మీద బోర్లా పడింది. నిచ్చెన మీద బోర్డు రాస్తున్న పెయింటర్ మున్వర్‌ను కాలు పట్టి కిందికి లాగేశాడు.

"పట్ట ఎనక్కి పోయి గోడకు సున్నం కొట్టు. ఇప్పుడే."

"రేపు పొద్దున డిపో పెద్ద సారు వచ్చి పట్ట తీస్తాడన్నా. పది దినాల పని, ఎట్ల చెరిపేది?" అన్నాడు మున్వర్ నడుము పట్టుకుని.

ఆ గోడకు పది రోజులుగా నీలంరంగు టార్పాలిన్ పట్ట అడ్డంగా ఉంది. ఓ మూల మున్వర్ దూరేంత సందు తప్ప, అంచులన్నీ మేకులు కొట్టి బిగించారు. లోపలికి పోయి చూసినవాడు లేడు గానీ లోపలేముందో ఊరంతా చెప్పుకుంటోంది. పోయిన ఏడు ఇదే ప్లాట్‌ఫారం మీద సుంకన్నను నరికినప్పుడు, మున్వర్ నాలుగడుగుల దూరంలో బోర్డు రాస్తున్నాడట. చూసింది చూసినట్టు గోడకెక్కించాడట, నరికినవాడి ముఖంతో సహా. సుంకన్న భార్య భీమక్క టీ అంగడి దగ్గర అన్న ఈ మాట, గంటలోపే ధనుంజయ చెవిన పడింది.

సాక్ష్యం చెప్పే మగాడు ఇంకా పుట్టలేదని ఏడాదిగా మీసం దువ్వుకుంటూ తిరిగాడతను. అబద్ధం కాదు. ఆ రోజు బస్టాండులో ఉన్న మూడు వందల మందీ పోలీసుల ముందు గుడ్డివాళ్లయిపోయారు, పాపం! ఇప్పుడు గోడ సాక్ష్యం చెప్పబోతోంది. ధనుంజయకు భయం వేసింది. పట్ట తానే పీకేద్దామంటే మిట్టమధ్యాహ్నం, ఎమ్మిగనూరు బస్సు కోసం కిక్కిరిసిన జనం. తన ముఖం తానే వాళ్లకు చూపించినట్టవుతుంది.

"ఏం గీసినావురా?"

"చూసిందే గీసినా అన్నా."

"ఎందుకు గీసినావు?"

"జనానికి పనికొస్తాదని. సదువు రానోళ్లు గూడా చూస్తానే గుర్తుపట్టాల."

ధనుంజయ పిడికిలి మున్వర్ మూతి మీద పడింది. పెదవి చిట్లి రెండు పళ్లు ఊడివచ్చాయి. కింద పడినవాడి కుడిచేతిని చెప్పుకాలితో తొక్కి నులిమాడు. వేళ్లు విరిగిన చప్పుడు దూరంగా కూర్చున్న ఆడవాళ్లకు కూడా వినిపించింది. ఒకామె తన బిడ్డ కళ్లు మూసింది.

"ఈ చెయ్యే గదరా గీసింది? సున్నం కొడతావా, ఇంకో చెయ్యి గూడా పోవాల్నా?"

మున్వర్ వెక్కి వెక్కి ఏడుస్తూనే అడ్డంగా తల ఊపాడు. ధనుంజయ నిచ్చెన మెట్టు ఊడబెరికి వీపు మీద బాదాడు. ఒకటి, రెండు, మూడు. చొక్కా చిరిగి నెత్తురు కనిపించింది.

జనాన్ని తోసుకుంటూ భీమక్క వచ్చింది.

"ఇడిసిపెట్టప్పా, సచ్చిపోతాడు! వాడు గీసింది నిన్ను గాదేమో. ఎవుడో పిరికోడు దొంగమాదిరి ఎనక నుంచి వచ్చి నరికినట్ల గీసినాడంట."

ధనుంజయ ఒళ్లు భగ్గుమంది.

"ఎనక నుంచా? ఎవుడే సెప్పింది? ఎదురుగా నిలబడి నరికినా! నా మొగం వాడు సూసినాడు, వాని మొగం నేను సూసినా. మెడ మీద రెండు ఏట్లు! దొంగమాదిరి నరికే వంశం గాదు మాది!"

అనేశాక గానీ ఏమన్నాడో అతనికి తెలియలేదు. చుట్టూ ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. బస్టాండు పోలీసు పరుగెత్తుకుంటూ వస్తున్నాడు.

"నేను ఇన్నా," అన్నాడొక కండక్టరు.

"నేనూ ఇన్నా," అంది బిడ్డ కళ్లు మూసినామె.

భీమక్క కొంగు నోట కుక్కుకుని భోరుమంది. ఏడాదిగా ఆమె ఎదురుచూసింది ఈ ఒక్క మాట కోసమే.

ఇంక దాచడానికేముంది? ధనుంజయ కసిగా రెండు చేతులతో పట్ట పట్టి గుంజాడు. మేకులు టపటపా ఊడి, పట్ట మొత్తం జారిపోయింది.

గోడ మీద ఎమ్మిగనూరు బస్సుకు మగ్గం, మంత్రాలయం బస్సుకు నది అలలు, కోడుమూరు బస్సుకు ఎద్దుల జత, పక్కనే ఎటు పోవాలో చూపే పెద్ద పెద్ద బాణాలు.

మనిషి బొమ్మ ఒక్కటీ లేదు.