కొత్త అట్ట

"ఏందయ్యా ఇది? కలం ఇచ్చి వేలిముద్ర అడుగుతున్నారే!" అన్నాడు గోవిందు.

కారంపూడి పక్క పల్లెలో, చావడి ముందు సభ జరుగుతోంది. ఎరుకలవాళ్ళను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టిన నేరస్థ జాతుల చట్టం ఎత్తేశాక, ఎరుకల కుర్రాళ్ళు దొంగతనాలకు పోకుండా సర్కారు వాళ్ళకొక బడి పెట్టింది. చదువులో మొదటివాడైన గోవిందుకు కలం బహుమతిగా ఇవ్వడానికి పట్నం నుంచి ఆఫీసరు వచ్చాడు.

"కలం నీకు ముట్టినట్టు వేలిముద్ర వెయ్యరా," అంటూ హెడ్డు కానిస్టేబులు సిరా అద్దిన గుడ్డ ముందుకు తోశాడు. "మీ అయ్య ఇన్నేళ్ళూ రోజూ ఠాణాకు వచ్చి వేసిపోలా? నీకేం నొప్పి?"

"సంతకం చేస్తానయ్యా. నాకు చానా బాగా వచ్చు."

"సంతకం మారుద్ది. వేలు మారదు."

ముద్ర వెయ్యాల్సిన పుస్తకానికి కొత్త అట్ట వేసి, దానిమీద 'యువజన సంక్షేమం' అని గుండ్రంగా రాశారు. గోవిందు అట్ట తిప్పాడు. లోపలి కాగితాలు పాతవి, పసుపుబారి ఉన్నాయి. అందులో తన పేరు కనిపించింది. పైకే చదివాడు.

"కనిపెట్టి ఉండవలసిన దొంగలు. తండ్రి సింగయ్య. కొడుకు గోవిందు. పుట్టిన మూడోనాడు చేర్చడమైనది."

వెనక నిలబడ్డ సింగయ్య అడిగాడు. "ఒరేయ్, నీ పేరు ఎక్కించలేదని నాతో చెప్పారే?"

ఆఫీసరు మాత్రం చప్పట్లు కొట్టాడు.

"భేష్! ఒక్క అక్షరం తప్పు పోలేదు. బడి బాగా పనిచేస్తోందని రాసుకోండి."

ఆ చప్పట్లలోనే హెడ్డు గోవిందు బొటనవేలు పట్టుకుని, సిరాలో అద్ది, కాగితం మీద నొక్కాడు.

గోవిందు కలాన్ని బల్లమీదే వదిలేశాడు. పుస్తకం మూసి, సిరా వేలిని ఆ కొత్త అట్టకే శుభ్రంగా తుడుచుకుని, అయ్య చెయ్యి పట్టుకుని వెళ్ళిపోయాడు.